గడియారం కూడా కనిపించాలి

దసరా దాటితే కర్నూలు జిల్లా పడమటి ఊళ్లు సగం ఖాళీ అవుతాయి. కోసిగి, ఆదోని చుట్టుపక్కల దీన్ని సుగ్గికి పోవడం అంటారు. పత్తి తీయడానికి, మిరప కోతలకు మొగుడూ పెళ్లాలిద్దరూ గుంటూరు వైపు వెళ్తే, పిల్లలు అవ్వ దగ్గరో సీజనల్ హాస్టల్లోనో ఉండిపోతారు. కౌన్సెలర్‌గా ఆ పిల్లల మధ్య తిరిగి తిరిగి నాకో అభిప్రాయం గట్టిపడింది. ఏడుపు మానేసిన పిల్లాడు అలవాటు పడిపోయాడని పెద్దవాళ్లు నిమ్మళంగా ఉంటారు. వాడు చాలాసార్లు ఆశ వదిలేసుకుని ఉంటాడు.

ఈ మాట కర్నూలులో కొందరు పిల్లల డాక్టర్లు, సైకియాట్రిస్టుల ముందు చెప్పాను. నాలుగేళ్ల బాబు ఒకడి సంగతి వివరించాను. మొదట్లో సాయంత్రం బస్సు వేళకు రోజూ అరుగు మీద నిలబడేవాడు. పది రోజులకు మానేశాడు. అన్నం తింటున్నాడు, సతాయించట్లేదు. ఉగాదికి తల్లి వచ్చి చేతులు చాస్తే అవ్వ కొంగు వెనక్కి పోయి గోడ వైపు తిరిగాడు. ‘నన్ను మర్సిపోయినాడు’ అని ఆమె ఏడ్చింది.

నేను ముగించకముందే ఒక పెద్ద డాక్టరు అడిగారు: ఇలాంటి పిల్లలు ఎంతమంది? అమ్మానాన్న ఊళ్లోనే ఉన్న పిల్లలతో పోల్చారా? రక్తహీనత ఉన్నా పిల్లలు ఇలాగే డల్‌గా ఉంటారు కదా? నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి మనసు చాలా కష్టపడింది. కానీ ఆయన అడిగినవి అడగాల్సిన ప్రశ్నలే.

అప్పుడు గుర్తొచ్చినవాడు జేమ్స్ రాబర్ట్‌సన్. తల్లికి దూరమైతే చిన్నపిల్లల మనసు దెబ్బతింటుందని సిద్ధాంతం చెప్పిన సైకియాట్రిస్టు జాన్ బౌల్బీతో కలిసి లండన్‌లో పనిచేసేవాడు. అప్పట్లో అక్కడి ఆసుపత్రుల్లో పిల్లల్ని చూడటానికి తల్లిదండ్రుల్ని సరిగా రానిచ్చేవారు కాదు. వాళ్లు వచ్చి వెళ్తే పిల్లలు ఏడుస్తారు, రాకపోతే బుద్ధిగా ఉంటారని వైద్యుల నమ్మకం. ఆ బుద్ధి వెనకున్న దిగులును చూపించాలని ఆయన ఒక చిన్న సినిమా తీశాడు. రెండేళ్ల అయిదు నెలల పాప, ఎనిమిది రోజుల ఆసుపత్రి వాసం. ఏడ్చే పాపను ఏరుకున్నావనే మాట రాకుండా, వెయిటింగ్ లిస్టులోంచి యాదృచ్ఛికంగా ఎంచుకున్నాడు. తనకు కావాల్సిన క్షణాలే తీశావనకుండా, ముందే ఖాయం చేసుకున్న వేళల్లో తీశాడు. ఫ్రేములో గోడ గడియారం కనిపించేలా చూసుకున్నాడు. ఆ పాప పెద్దగా ఏడ్వదు. ఇంటికి వెళ్లేరోజు మాత్రం తల్లి చెయ్యి పట్టుకోదు.

1952లో లండన్‌లో వైద్యుల సభలో చూపిస్తే ఏం జరిగింది? అంత జాగ్రత్తపడ్డా సభ మండిపడింది. ఈ పాప అందరిలాంటిది కాదన్నారు, మా వృత్తికి అపవాదు తెచ్చావన్నారు. ఒప్పుకుంటే తాము రోజూ చేస్తున్న పనినే తప్పుపట్టుకోవాలి, అదీ బాధ. అయినా గడియారం ఉన్న ఆ సాక్ష్యం అలాగే నిలబడింది. 1959లో బ్రిటన్‌లో ప్లాట్ కమిటీ పిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రుల్ని ఆంక్షలు లేకుండా రానివ్వాలని సిఫారసు చేసింది.

మా సమావేశంలో ఇంకొకరు, ‘మేమూ అవ్వ దగ్గరే పెరిగాం, మాకేమైంది?’ అన్నారు. అప్పుడు కోపమొచ్చింది. తర్వాత ఆలోచిస్తే అందులోనూ పట్టించుకోవాల్సిన విషయం ఉంది. బౌల్బీ తల్లి ఎడబాటు మీద మరీ బరువు పెట్టాడని 1972లో మైకేల్ రట్టర్ అనే పిల్లల సైకియాట్రిస్టు చూపించాడు. ఎడబాటు ఒక్కటే చూస్తే చాలదు, ఆ లోటులో బిడ్డను ఎవరు పట్టించుకున్నారో, అంతకుముందు ఇంట్లో పరిస్థితి ఏమిటో కూడా చూడాలన్నాడు. ప్రశ్నించినవాళ్ల వల్లే ఆ సిద్ధాంతం మెరుగుపడింది. మన ఇళ్లలో అవ్వ ఉంటుంది, పిన్ని ఉంటుంది. హాస్టల్లో వార్డెన్ ఒక్కరే. ఈ రెండు రకాల పిల్లల్నీ నేను ఒకే గాటన కట్టేశాను. నా తప్పు అదే.

ఈసారి సుగ్గికి ముందే నోటుబుక్కు సిద్ధం చేశాను. అవ్వ దగ్గరున్నవాళ్లు, హాస్టల్లో ఉన్నవాళ్లు, అమ్మానాన్న ఊళ్లోనే ఉన్నవాళ్లు వేర్వేరు పేజీల్లో ఉంటారు. హిమోగ్లోబిన్ ఎంతో రాయడానికీ చోటుంది. రోజూ సాయంత్రం ఆరింటికి, నా అభిప్రాయమేమిటో తెలియని ఒక టీచరు రాస్తారు. తల్లి తిరిగొచ్చిన రోజు మొదటి పది నిమిషాలు పిల్లాడు ఎక్కడ నిలబడ్డాడో రాయడానికి, ప్రతి పేజీ చివర ఒక గడి ఖాళీగా ఉంచాం.