పదకొండు రోజుల తీర్పు

మా బావమరిది మాల్దీవుల్లో ఒక చిన్న దీవికి లెక్కల మాస్టారుగా వెళ్లి సరిగ్గా పదకొండు రోజులైంది. ఒక దేశాన్ని ఆసాంతం అర్థం చేసుకోవడానికి అంత టైము ఎందుకు పట్టిందన్నదే నా సందేహం. శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర టీ చల్లారేలోపు మేము అమెరికా సంగతి తేల్చేస్తాం. అయినా మావాడు తొందరపడే మనిషి కాదు. పదకొండు రోజులు ఓపిక పట్టి, ఇవాళ పొద్దున్న ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఏడు వాయిస్ మెసేజీలు పెట్టాడు. వాటి మీద విచారణ జరిపే బాధ్యత, రిటైరై ఖాళీగా ఉన్న పాపానికి, నా మీద పడింది.

మొదటి ఆరోపణ విమానాశ్రయం మీద. "ఏటి బావా ఇది! విమానం దిగింది ఒక దీవి, రాజధాని ఇంకో దీవి, నా బడి మరో దీవి. మనిషిని దిగాల్సిన చోట దింపడం వీళ్లకి చేతకాదా?"

ఆరోపణ తీవ్రమైనదే. రాజధాని మాలే అయితే విమానాలు దిగేది పక్కనున్న హుల్హులే దీవిలో. 2018లో వంతెన వచ్చేదాకా పడవెక్కితే గానీ రాజధాని చేరే దారే లేదు. ఇలాంటి అస్తవ్యస్తం ఇంకెక్కడైనా ఉంటుందా అని చాలాసేపు ఆలోచించాను. మా రైల్వే స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్. అది ఉన్నది ఆమదాలవలసలో. అక్కడి నుంచి ఊళ్లోకి పది కిలోమీటర్ల పైచిలుకు. కానీ మా దగ్గర మోసం లేదు. రోడ్డు ఇస్తామని బోర్డు మీద రాసే ఉంది. ఊరు ఇస్తామని ఎవరన్నారు?

పడవ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. అక్కడ దాన్ని ధోని అంటారు. "ధోనిలో వచ్చాను" అని మావాడు అనేసరికి గ్రూపులో కలకలం రేగింది. 2005లో ధోని విశాఖలో పాకిస్తాన్ మీద 148 కొట్టినరోజు తాను స్టేడియంలోనే ఉన్నానని ఇప్పటికీ చెప్పుకునే మా తోడల్లుడు వెంటనే ఫోటో పంపమన్నాడు. మన దోనె లాంటి మాటేనయ్యా అది అని నేను చెబితే వినేవాళ్లు లేరు.

అన్నిటికంటే బాధాకరమైనది మూడో మెసేజీ. అక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. ఆదివారం బడి. కొడుకు సముద్రం దాటినప్పుడు కంటతడి పెట్టని మా అత్తయ్య, ఈ మాట విని కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆదివారం కోడికూర తిని, చాప పరుచుకుని పడుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కని మా ఇళ్లలో నమ్మకం. అలాంటి రోజున కన్నకొడుకు భిన్నాలు చెబుతున్నాడు! పైగా పొద్దున్నే టిఫిన్‌లో ట్యూనా చేప, కొబ్బరికోరు కలిపి పెడతారట. చద్దన్నంలో ఎండు నెత్తళ్లు నంజుకుని పెరిగినవాడికి పొద్దున్నే చేపంటే రోత పుట్టడంలో వింతేముంది?

"దేశం మొత్తానికి ఒక్క నది లేదు బావా!" అన్నది తర్వాతి ఫిర్యాదు. నిజమే. వాననీళ్లు పట్టుకుంటారు, లేదంటే సముద్రపు నీళ్లలో ఉప్పు తీసి తాగుతారు. 2014లో మాలేలో ఆ ఉప్పు తీసే ప్లాంటులో మంటలు రేగితే మన దేశమే విమానాల్లోనూ ఓడల్లోనూ నీళ్లు పంపింది. నాగావళి ఒడ్డున పుట్టినవాడు ఇది భరించగలడా? మేము నది ఉన్నవాళ్లం. ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుని తాగుతాం. సాయంత్రం వంతెన మీద బండి ఆపి, అటు ఒకసారి చూసి వస్తాం.

అయిదో మెసేజీలో "చేతిలో గుడ్డిగవ్వ లేదు" అన్నాడు. ఒకప్పుడు బెంగాల్‌లో, ఒడిశాలో డబ్బుగా చెల్లిన గవ్వలు ఆ దీవుల నుంచి ఓడలకెత్తినవే. అక్కడ కూర్చుని ఆ మాట!

ఇక అసలు విషయం. అక్కడ ఇళ్ల ముందు చట్రానికి తాళ్లతో వలలా అల్లిన కుర్చీలుంటాయి. సాయంత్రమైతే వాటిలో చేరగిలబడి వచ్చేపోయేవాళ్లని చూస్తారు. ఆ కుర్చీ పేరు, ఒట్టు, జోలి! పరుల జోలి కోసం ప్రత్యేకంగా కుర్చీ అల్లుకున్నవాళ్లని నేనింకెక్కడా వినలేదు. మనవాళ్లు అరుగులతో సరిపెట్టుకున్నారు. ఆ అరుగులు కూడా రోడ్ల వెడల్పులో పోయాయి. "మీది ఏ దీవి అని అడుగుతున్నారు బావా, ఏం మనుషులో!" అని మావాడి గోల. మా వీధిలో కొత్తగా అద్దెకు దిగినవాణ్ని ఊరు, ఉద్యోగం, జీతం, పిల్లలు వరసగా అడిగి, "ఇంతకీ మీరేమిట్లు?" దగ్గర గానీ ఆగం. ఒక్క ప్రశ్నతో వదిలేశారంటే వాళ్లకి పెంపకం సరిగ్గా లేదన్నమాట.

దిగీదిగగానే తీర్పులు చెప్పడంలో మావాడే మొదటివాడు కాదు. 1343లో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా అక్కడ దిగితే ఏకంగా ఖాజీని చేశారు. ఆడవాళ్లు ఒళ్లంతా కప్పుకోవాలని ఆజ్ఞ వేశాడు. వాళ్లు వినలేదు. మరుసటి ఏడాదే వజీరుతో చెడి ఓడెక్కాడు. ఈలోగా నాలుగు పెళ్లిళ్లు చేసుకున్న సంగతి మాత్రం నేను గ్రూపులో పెట్టలేదు. మావాడి భార్య నాకు చెల్లెలి వరస, గ్రూపులోనే ఉంది.

ఇది రాస్తుండగా ఎనిమిదో మెసేజీ వచ్చింది. వెనక కిర్రు కిర్రుమని తాళ్ల చప్పుడు. "ఉండు బావా, మళ్లీ చేస్తాను. పడవ దిగి ఎవరో కొత్తాయన ఇటే వస్తన్నాడు. ఏ దీవి మనిషో కనుక్కోవాలి."