అక్షాలన్నీ సున్నా నుంచే మొదలవ్వాలా?

“అక్షం సున్నా నుంచి మొదలు కాని గ్రాఫు మోసం; ఏ రాశి ఏ అక్షంపై ఉన్నా ఒకటే; లాగ్ స్కేలు తేడాలను దాచే ఎత్తుగడ” అనే సందేశం విరివిగా చేతులు మారుతోంది. (లాగ్ స్కేలుపై ఒక్కో సమాన అడుగుకూ విలువ అన్నే రెట్లు పెరుగుతుంది: 1, 10, 100 అన్నట్టు.) రెండు రాశుల జతలను చుక్కలుగా చూపే స్కాటర్ ప్లాట్‌కు వర్తింపజేస్తే ఈ మూడింటిలో ఒక్కటీ నిలవదు.

మొదటిది బార్ చార్టు నియమం. బార్ పొడవే విలువను చెబుతుంది కాబట్టి దాని అడుగు కోసేయడం తప్పే. చుక్కకు పొడవు లేదు, స్థానమే ఉంది. అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో ఉన్న ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వేడినీటి బుగ్గ గురించిన ప్రసిద్ధ దత్తాంశంలో రెండు విరజిమ్మడాల మధ్య విరామం 43 నుంచి 96 నిమిషాల వరకు ఉంటుంది. దాన్ని సున్నా నుంచి గీస్తే దాదాపు సగం కాగితం ఖాళీగా పోయి, చుక్కల గుంపులు పైభాగాన నలిగిపోతాయి.

రెండోదానికీ అదే ఉదాహరణ చాలు. బుగ్గ ఎంతసేపు విరజిమ్మిందో ముందు తెలుస్తుంది, విరామాన్ని దాని నుంచి అంచనా వేస్తారు. అందుకే వ్యవధి ఎక్స్ అక్షంపైకి వస్తుంది. అక్షాలు తారుమారైతే సహసంబంధ గుణకం (రెండు రాశులు ఎంత గట్టిగా కలిసి మారతాయో చెప్పే అంకె) మారదు గానీ, కనిష్ఠ వర్గాల పద్ధతిలో, అంటే చుక్కల నుంచి నిలువు దూరాల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా గీసే గీత మారిపోతుంది.

అసలు చిక్కు మూడోదానితో. 1976లో అలిసన్, సిచెట్టి ప్రచురించిన 62 క్షీరదాల శరీర, మెదడు బరువులున్న దత్తాంశంలో శరీర బరువు 5 గ్రాముల చుంచు నుంచి 6,654 కిలోల ఆఫ్రికా ఏనుగు దాకా ఉంది. మామూలు స్కేలుతో 7,000 కిలోల అక్షాన్ని 14 సెంటీమీటర్ల వెడల్పున గీస్తే, 465 కిలోల ఆవు ఎడమ అంచు నుంచి సెంటీమీటరు లోపే పడుతుంది, సుమారు 28 కిలోల మేక అర మిల్లీమీటరు దగ్గర ఆగిపోతుంది, ఇక ఎలుకా చుంచూ ఒకే మరకగా కలిసిపోతాయి. తేడాలను దాచింది ఏ స్కేలో చూడండి! శరీర బరువును ఎక్స్ అక్షంపై, మెదడు బరువును వై అక్షంపై ఉంచి, రెండు అక్షాలనూ లాగ్ చేస్తే చుక్కలన్నీ ఒక వాలు గీత చుట్టూ చేరతాయి. ఆ వాలు సుమారు 0.75, అంటే శరీరం పది రెట్లు పెరిగితే మెదడు ఐదున్నర రెట్లకు కాస్త ఎక్కువగా పెరుగుతుంది. మనిషి చుక్క ఆ గీతకు బాగా పైన ఉందన్న సంగతి కూడా అక్కడే స్పష్టంగా తెలుస్తుంది.

లాగ్ స్కేలుపై సున్నాకు చోటే లేదు కాబట్టి, సందేశంలోని మొదటి నియమాన్ని దానికి విధించడం కుదరదు. నిలదీయవలసింది వేరే ఉంది: అంకెలు 1, 10, 100 అని అక్షంపై రాయకపోవడం, సున్నా విలువలున్న చుక్కలను చెప్పకుండా వదిలేయడం.