ఫార్మాట్ కొట్టేముందు ‘ఫాల్టింగ్ మాడ్యూల్’ చూడండి

అక్టోబరు దాటిందంటే గోదావరి డెల్టాలో చిన్న రికార్డింగ్ స్టూడియోలకు ఊపిరి సలపదు. ముందు క్రిస్మస్ పాటలు, ఆ వెంటనే సంక్రాంతి పాటలు, మాఘంలో అంతర్వేది కల్యాణానికి నరసింహస్వామి భక్తిగీతాలు. సరిగ్గా ఈ రోజుల్లోనే మిక్సింగ్ మధ్యలో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ (రీపర్, క్యూబేస్, ఆడాసిటీ లాంటిది) చటుక్కున మూసుకుపోతుంది. ‘ఫార్మాట్ కొట్టేద్దాం’ అన్నదే అందరి నోటా మొదట వచ్చే మాట. ఒక రోజంతా పోసి విండోస్ కొత్తగా ఎక్కిస్తారు. తర్వాత అవే ప్లగిన్లు (ఆ సాఫ్ట్‌వేర్‌లో ధ్వనికి మెరుగులు దిద్దే చేర్పు ప్రోగ్రాములు), అదే హార్డ్ డిస్కులోంచి మళ్లీ ఎక్కిస్తారు. వారం తిరక్కుండానే అదే క్రాష్.

విండోస్‌ది గానీ, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ది గానీ తప్పు లేని సందర్భాలు చాలా ఉంటాయి. ఎందుకంటే చాలా సాఫ్ట్‌వేర్లలో ప్లగిన్ విడిగా నడవదు, సాఫ్ట్‌వేర్ ప్రాసెస్‌లోనే, దాని మెమరీలోనే నడుస్తుంది. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య తిరిగే పంటు మీద బళ్లన్నీ ఒకేచోట నిలబడ్డట్టు. ఒక్క బండి జారినా ఒరిగేది పంటే. ఏదో ఒక రివర్బ్ (గొంతుకు ప్రతిధ్వని చేర్చే ప్లగిన్) తనది కాని మెమరీ జాగాలో చెయ్యిపెడితే, విండోస్ ఆ రివర్బ్‌ను ఒక్కదాన్నే ఆపలేదు, మొత్తం ప్రాసెస్‌నే ఆపేస్తుంది. తెర మీద మాత్రం సాఫ్ట్‌వేర్ పేరే కనిపిస్తుంది కాబట్టి నింద దాని మీద పడుతుంది.

నేరం ఎవరిదో విండోస్ రాసిపెడుతుంది, చూసేవాళ్లే తక్కువ. స్టార్ట్‌లో ‘ఈవెంట్ వ్యూయర్’ అని వెతికి తెరవండి. ‘విండోస్ లాగ్స్’లో ‘అప్లికేషన్’ నొక్కి, క్రాష్ అయిన సమయానికి ఎర్ర గుర్తుతో ఉన్న ఈవెంట్ 1000 వెతకండి. అందులో ‘ఫాల్టింగ్ అప్లికేషన్’ అన్నచోట మీ సాఫ్ట్‌వేర్ పేరుంటుంది, అది పట్టించుకోనక్కర్లేదు. కింద ‘ఫాల్టింగ్ మాడ్యూల్’ అన్నచోట ఏదైనా ప్లగిన్ ఫైలు పేరుంటే సగం పని అయిపోయినట్టే. అక్కడ ‘ఎన్‌టీడీఎల్ఎల్’ లాంటి విండోస్ సొంత ఫైలుంటే తొందరపడి విండోస్‌ను తిట్టొద్దు. ప్లగిన్ పాడుచేసిన మెమరీని తర్వాత ముట్టుకున్న పాపానికి ఆ ఫైలు పేరు పడి ఉండొచ్చు. ‘ఎన్‌వీఓజీఎల్‌వీ64’ అని ఉంటే అది ఎన్విడియా గ్రాఫిక్స్ డ్రైవర్ ఫైలు. అప్పుడు చూడాల్సింది ధ్వనిని కాదు, తెర మీద ప్లగిన్ కిటికీ గీసుకునే బొమ్మను.

క్రాష్ ఎప్పుడు వచ్చిందన్నది కూడా అంతే ముఖ్యమైన సాక్ష్యం. సాఫ్ట్‌వేర్ తెరుచుకునేటప్పుడే పోతే స్కానింగ్‌లో, అంటే ఉన్న ప్లగిన్లను అది వెతికి చూసుకునేటప్పుడు, ఏదో ప్లగిన్ అడ్డుపడుతోంది. ఆడాసిటీలో అయితే యాప్‌డేటా, రోమింగ్ కింద ఆడాసిటీ ఫోల్డర్‌లో ఉండే ‘ప్లగిన్‌రిజిస్ట్రీ’ ఫైలును పక్కకు జరిపితే అది తెరిచేటప్పుడు కొత్తది తయారుచేసుకుంటుంది. ప్లగిన్ కిటికీ తెరవగానే పోతే గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చెయ్యండి. ప్లే చేస్తే బాగానే ఉండి ఎక్స్‌పోర్ట్‌లోనే (పాటను ఫైలుగా తీసేటప్పుడే) పోతోందా? ఎక్స్‌పోర్ట్ పాట వేగం కన్నా చాలా వేగంగా పరిగెడుతుంది, కొన్ని ప్లగిన్లు ఆ వేగానికి తట్టుకోవు. రీపర్‌లో ‘ఆన్‌లైన్ రెండర్’, క్యూబేస్‌లో ‘రియల్‌టైమ్ ఎక్స్‌పోర్ట్’ పెడితే నాలుగు నిమిషాల పాటకు నాలుగు నిమిషాలు పడుతుంది గానీ ఫైలు చేతికొస్తుంది. సాఫ్ట్‌వేర్ మూసేటప్పుడు మాత్రమే వచ్చే క్రాష్‌కు, ప్రాజెక్టు సేవ్ అయి ఉంటే, సీజన్‌లో కంగారు పడక్కర్లేదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. పటపటమని పగుళ్ల శబ్దం రావడం క్రాష్ కాదు, దాని దారి వేరు. బఫర్ (ధ్వనిని ముందుగా సిద్ధం చేసుకునే ముక్క సైజు) 128 శాంపిళ్ల నుంచి 512కు పెంచితే పగుళ్లు తగ్గొచ్చు. మెమరీ తప్పుకు బఫర్‌తో సంబంధం లేదు.

లాగ్‌లో పేరు దొరకకపోతే సగం సగం పద్ధతి ఉంది. ముందు ప్రాజెక్టు కాపీ తీసుకోండి. విండోస్‌లో వీఎస్‌టీ3 (ప్లగిన్ల ప్రమాణాల్లో ఒకటి) ప్లగిన్లు ‘ప్రోగ్రామ్ ఫైల్స్’లోని ‘కామన్ ఫైల్స్’ కింద వీఎస్‌టీ3 ఫోల్డర్‌లో ఉంటాయి. సాఫ్ట్‌వేర్ మూసి, వాటిలో సగం ఫైళ్లను డెస్క్‌టాప్ మీద కొత్త ఫోల్డర్‌లోకి మార్చి మళ్లీ తెరవండి. క్రాష్ ఆగిందంటే దొంగ బయటికి తీసిన సగంలో ఉన్నాడు, ఆగకపోతే లోపలున్న సగంలో. ఆ సగాన్ని మళ్లీ రెండు చెయ్యండి. 60 ప్లగిన్లున్నా 6 సార్లలో తేలిపోతుంది. ఒక్కొక్కటే తీసి చూస్తే 60 సార్లు పట్టొచ్చు. ఒక జాగ్రత్త: వేవ్స్ కంపెనీ ప్లగిన్లు పదుల సంఖ్యలో ఉన్నా వీఎస్‌టీ3 ఫోల్డర్‌లో కనిపించేది ‘వేవ్‌షెల్’ అనే ఫైలే. దాన్ని కదిపితే అన్నీ ఒక్కసారే పోతాయి, లెక్క తప్పుతుంది. రెండు ప్లగిన్లు కలిస్తేనే వచ్చే క్రాష్ ఈ పద్ధతికి సులువుగా దొరకదు. అప్పుడు అన్నీ తీసేసి నాలుగేసి చొప్పున తిరిగి పెట్టుకుంటూ రావడమే దారి.

ప్రాజెక్టే తెరుచుకోకపోతే రీపర్ ‘ఓపెన్ ప్రాజెక్ట్’ కిటికీలో ఎఫ్‌ఎక్స్ (అంటే ప్లగిన్లు) ఆఫ్‌లైన్‌గా తెరిచే రికవరీ గడి ఉంది. దాన్ని టిక్ చేస్తే ప్లగిన్లు నిద్రలో ఉండగా ప్రాజెక్టు తెరుచుకుంటుంది, ఒక్కోటీ లేపుకోవచ్చు. క్యూబేస్‌ను కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ నొక్కిపట్టి తెరిస్తే సేఫ్ మోడ్ అడుగుతుంది.

ఇక అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనని సంగతి, క్రాక్ (లైసెన్సు తాళం పగలగొట్టిన) ప్లగిన్లు. పెన్‌డ్రైవ్‌లో చేతులు మారే ‘వందల ప్లగిన్ల ప్యాక్’ లేని స్టూడియో అరుదు. తయారీదార్లు లైసెన్సు తనిఖీలను కోడ్‌లో అక్కడక్కడా దాస్తారు. క్రాక్ చేసినవాడు కొన్నిటిని పీకి కొన్నిటిని వదిలేస్తే, పాట ఏ చరణంలో ఉన్నా అది కూలొచ్చు. అప్‌డేట్ రాదు, అడగడానికి మనిషి ఉండడు, వెంట వైరస్ వచ్చినా తెలియదు. డబ్బు లేక వాడుతున్నారన్నది నిజమే, ఆ ఇబ్బందిని కాదనలేం. కానీ ఒక గొంతుకు కావలసిన ఈక్యూ, కంప్రెసర్, రివర్బ్, డిలే చాలా సాఫ్ట్‌వేర్లతో పాటే వస్తాయి. ఆ నాలుగూ బాగా నేర్చుకున్నవాళ్ల మిక్స్, ప్యాక్ నిండా మూటకట్టుకున్నవాళ్ల మిక్స్ కన్నా బాగుంటుందనే మా నమ్మకం.

పాత 32 బిట్ ప్లగిన్లది ఇంకో తలనొప్పి. 64 బిట్ సాఫ్ట్‌వేర్‌లో అవి నడవాలంటే మధ్యలో వంతెన ప్రోగ్రామ్ కావాలి, కూలేది తరచుగా ఆ వంతెనే. వీఎస్‌టీ ప్రమాణాన్ని తయారుచేసిన స్టీన్‌బర్గ్ కంపెనీ వీఎస్‌టీ3ని 2008లోనే తెచ్చింది, 2018లో దాని ముందు తరం వీఎస్‌టీ2 డెవలపర్ కిట్ ఇవ్వడం ఆపేసింది. అదే ప్లగిన్‌కు 64 బిట్ వీఎస్‌టీ3 ఉంటే దానికి మారండి. అయితే పాత ప్రాజెక్టులు పాత రూపాన్నే వెతుకుతాయి కాబట్టి, అవి పూర్తయ్యేదాకా పాతది తీసేయొద్దు.

దొంగ దొరికినా ఆ ప్లగిన్ లేకుండా పాట గడవదనుకుంటే, రీపర్‌లో ఎఫ్‌ఎక్స్ జాబితాలో దాని మీద కుడి క్లిక్ చేసి ‘రన్ యాజ్’లో ‘డెడికేటెడ్ ప్రాసెస్’ ఎంచుకోండి. ఎఫ్‌ఎల్ స్టూడియోలో రాపర్ సెట్టింగ్స్‌లోని ‘మేక్ బ్రిడ్జ్‌డ్’ అదే పని చేస్తుంది. ఇకమీదట కూలితే ప్లగిన్ ఒక్కటే కూలుతుంది, పాట మిగులుతుంది. దానికి ప్రాసెసర్ మీద కొంత భారం పడుతుంది.

పాట అప్పజెప్పేటప్పుడు ప్రతి ట్రాకునూ మొదటి క్షణం నుంచి వేవ్ ఫైలుగా తీసి దాచాలి. 30 మోనో ట్రాకుల 4 నిమిషాల పాట 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో సుమారు 1 జీబీ అవుతుంది. వచ్చే ఏడు క్రిస్మస్‌కు ఆ సంఘంవాళ్లే వచ్చి ‘కోరస్ కొంచెం పెంచండి’ అంటే, ఆ ప్లగిన్లు ఒక్కటీ లేని కంప్యూటర్‌లో కూడా ఆ ఫైళ్లు తెరుచుకుంటాయి.