పతకాన్ని తూకం వేసే ముందు అంచు చదవండి

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం సైనికులకు ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్‌ను మేలైన వెండితో అచ్చువేశారు. బరువు సుమారు ఒక ఔన్సు, అంటే ముప్పై గ్రాములు. ఆ వెండే దాని ప్రాణం మీదికి తెచ్చింది. 1979-80లో ప్రపంచమంతటా వెండి ధర ఆకాశాన్నంటినప్పుడు ఈ పతకాలు లెక్కలేనన్ని కొలిమిలో పడి కరిగిపోయాయి. మన పల్లెల్లో అయితే ధర పెరిగేదాకా ఆగాల్సిన పని కూడా లేకపోయింది. ఆడపిల్ల పెళ్ళి వచ్చినా, అప్పులవాడు గుమ్మంలో నిలబడినా, తాతగారి పతకం పాత కాలి పట్టీలతో కలిసి త్రాసు ఎక్కేది. కొన్నవాడు దాని ముఖం చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు, తూకం వేశాడు. అంచు మాత్రం చదవలేదు.

చదవాల్సింది ఆ అంచే. ఆ పతకం అంచు చుట్టూ సన్నని అక్షరాల్లో సైనికుడి నంబరు, హోదా, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. దానితో జతగా ఇచ్చిన విక్టరీ మెడల్ అంచు మీదా అవే వివరాలు ఉంటాయి. నక్షత్రం ఆకారపు 1914-15 స్టార్‌కు వెనుక నున్నటి భాగం మీద ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధానికి వచ్చేసరికి బ్రిటన్ తన సొంత సైనికులకు స్టార్లను, పతకాలను పేరు లేకుండానే పంచిపెట్టింది. భారత సైనికులకు ఇచ్చినవాటి మీద మాత్రం పేర్లు వేశారు. అందువల్ల లండన్‌లో ఎవరిదో తెలియని బర్మా స్టార్ (బర్మా యుద్ధరంగపు పతకం) ఎక్కడైనా దొరుకుతుంది కానీ, మన ఊళ్ళో దొరికే బర్మా స్టార్ సాధారణంగా ఒక మనిషిది. అతని పేరు దాని వీపు మీదే ఉంటుంది. ఆ యుద్ధంలో భారత సైన్యంలో 25 లక్షల మంది పనిచేశారు. వారిలో చాలామందికి చరిత్ర పుస్తకాల్లో ఒక్క వాక్యం కూడా దక్కలేదు. ప్రభుత్వం వాళ్ళ పేరు లోహం మీద చెక్కిన సందర్భం బహుశా ఇదొక్కటే. అందుకే పతకాల సేకరణ అనే అభిరుచిని నేను తపాలా బిళ్ళల వరుసలో చేర్చను. పతకం ఒక దస్తావేజు. దాన్ని చదివి నమోదు చేసేవాడే సేకర్త, చదవకుండా పెట్టెలో పోగేసేవాడు నిల్వదారు మాత్రమే.

అయితే తెలుగువారి విషయంలో ఆ దస్తావేజు చదవడం అంత తేలిక కాదు. మనిషిని గుర్తించడానికి మనం మొదట అడిగేది ఇంటిపేరు. సైన్యం రికార్డుల్లో చాలాసార్లు అది ఎగిరిపోయింది. అంచు మీద మిగిలేది ఒక అప్పలస్వామి, ఒక వెంకటస్వామి, ఒక నరసయ్య. అది కూడా తెలుగు చెవి లేని గుమాస్తా తన చేతికొచ్చిన స్పెల్లింగులో రాసిన పేరు. ఉత్తరాంధ్రలో అప్పలస్వాములు ఎంతమంది ఉంటారో వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి మనకు పేరు కంటే నంబరు ముఖ్యం, నంబరుతో పాటు పటాలం పేరు ఇంకా ముఖ్యం. ఒక నంబరు ఒక పటాలం లోపలే అర్థవంతమవుతుంది, అదే నంబరు మరో పటాలంలో మరో మనిషిది.

ఆ పటాలాల పేర్లు కూడా ఇప్పుడు వినబడవు. 73, 75, 79, 86 కర్నాటిక్ ఇన్ఫాంట్రీలు, 83 వాలాజాబాద్ లైట్ ఇన్ఫాంట్రీ, 61, 64, 81 పయనీర్లు (దారులు వేసే దళాలు) అన్నీ పాత మద్రాసు సైన్యపు దళాలు. 1922 పునర్వ్యవస్థీకరణలో కర్నాటిక్, వాలాజాబాద్ దళాలు 3వ మద్రాస్ రెజిమెంట్‌లో బెటాలియన్లయ్యాయి. ఆ తర్వాత పొదుపు పేరుతో ఆ రెజిమెంట్‌నే రద్దు చేశారు. మళ్ళీ రెండో ప్రపంచ యుద్ధం అవసరం పడ్డాక, 1940ల మొదట్లో, దాన్ని తిరిగి నిలబెట్టారు. అంచు మీద ‘2 క్యూ.వి.ఓ. ఎస్ అండ్ ఎం’ అనే పొడి అక్షరాలు కనిపిస్తే అది క్వీన్ విక్టోరియా పేరు పెట్టుకున్న మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్, అంటే ఇప్పుడు బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ ఇంజనీర్ గ్రూప్. బ్రిటిష్ వార్ మెడల్ వెండిది కాక కంచుది చేతికొస్తే దాన్ని నకిలీ అనుకుని పక్కన పడేయకూడదు. లేబర్ కోర్ వంటి దళాల్లో తట్ట మోసి, రోడ్డు వేసి, సామాను దించిన కూలీలకు ఇచ్చింది ఆ కంచు పతకమే. ఒకే యుద్ధం, ఒకే రాజు బొమ్మ, ఒకే రిబ్బను. లోహం దగ్గర మాత్రం ఆ వివక్ష పాటించారు. వెండి పతకాల కంటే ఆ కంచు పతకాల ముందే నేను ఎక్కువసేపు నిలబడతాను.

ఇక రిబ్బన్ల సంగతి. పతకం ఇనప్పెట్టెలో ఉన్నా సైనికుడి ఛాతీ మీద రోజూ కనిపించేది రిబ్బనే. దానికి ఒక వ్యాకరణం ఉంది, అది పట్టుబడితే గుర్తింపులో సగం పని అయిపోయినట్టే. స్వతంత్ర భారతంలో శాంతి సమయపు చక్ర పురస్కారాలన్నిటికీ ఆకుపచ్చ రిబ్బనే. మధ్యలో ఒక నారింజ గీత ఉంటే అశోక చక్ర, రెండుంటే కీర్తి చక్ర, మూడుంటే శౌర్య చక్ర. గీతలు పెరిగిన కొద్దీ స్థాయి తగ్గుతుంది. విశిష్ట సేవా పతకాల్లోనూ ఇదే లెక్క: పసుపు మీద ఒక ముదురు నీలం గీత పరమ విశిష్టకు, రెండు అతి విశిష్టకు, మూడు విశిష్టకు. యుద్ధరంగపు పురస్కారాలకు గీతల లెక్క లేదు. పరమవీర చక్రకు నిండు ఊదా రంగు, అంతే. మహావీర చక్రకు సగం తెలుపు, సగం నారింజ. వీర చక్రకు సగం ముదురు నీలం, సగం నారింజ. గల్వాన్‌లో 2020 జూన్ 15న ప్రాణాలర్పించిన సూర్యాపేట బిడ్డ కల్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబుకు మరణానంతరం దక్కింది ఆ తెలుపు, నారింజ రిబ్బను. కార్గిల్‌లో మరణించిన హైదరాబాదు వాసి మేజర్ పద్మపాణి ఆచార్యదీ అదే. ఈ చక్ర పతకాలకు రూపమిచ్చింది సావిత్రీ ఖానోల్కర్. స్విట్జర్లాండ్‌లో పుట్టి, భారత సైనికాధికారిని పెళ్ళాడి ఈ దేశానికి కోడలైన ఆమె, పరమవీర చక్ర మీద ఇంద్రుడి వజ్రాయుధాన్ని నాలుగు దిక్కులా నిలిపారు.

పాతవాటితో వ్యవహరించేటప్పుడు ఒక జాగ్రత్త తప్పదు. 1952లో నెలకొల్పిన అశోక చక్ర 1967 దాకా మూడు తరగతులుగా ఉండేది. ఒకటో తరగతే ఇప్పటి అశోక చక్ర. రెండోది కీర్తి, మూడోది శౌర్య అయ్యాయి. అందువల్ల 1960ల నాటి కాగితంలో ‘అశోక చక్ర’ అని కనిపించగానే తరగతి చూడకుండా అత్యున్నత పురస్కారమని ఊరి స్తూపం మీద చెక్కిస్తే, అది ఆ సైనికుడికి చేసే గౌరవం కాదు. అతను సాధించినది ఉన్నదున్నట్టు చెప్పడమే గౌరవం.

ఇళ్ళలో మిగిలిన పాత ఫోటోలు మరో చిక్కు తెచ్చిపెడతాయి. తాతగారు యూనిఫాంలో నిలబడ్డ నలుపు తెలుపు ఫోటోలో రిబ్బన్ల వరుస స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది, రంగులే ఉండవు. ముదురుగా ఉన్నది నీలమని, లేతగా ఉన్నది ఎరుపో పసుపో అయి ఉంటుందని అనుకుంటాం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో స్టూడియోల్లో ఎక్కువగా వాడిన ఆర్థోక్రోమాటిక్ పలకలకు ఎరుపు రంగు దాదాపు కనపడదు, నీలం తెల్లగా పడుతుంది. అంటే ఫోటోలో నల్లగా ఉన్న చార ఎర్రది కావచ్చు, తెల్లబడ్డ చార నీలం కావచ్చు. కాబట్టి రంగును నమ్మకుండా చారల వెడల్పులు, వాటి వరుస చూడాలి. రెండు వైపులా ఒకేలా ఉందా, మధ్యలో చార ఉందా, అంచుల్లో సన్నగీతలు ఎన్ని అన్నది కొలిస్తే పని జరుగుతుంది. వరుసలో అన్నిటికంటే పెద్ద పురస్కారం ఛాతీ మధ్యకు దగ్గరగా ఉంటుంది. అది తెలిస్తే మిగిలినవి దాని పక్క నుంచి తేల్చుకుంటూ పోవచ్చు. రిబ్బను మీద చిన్న లోహపు గుర్తు ఉంటే అదీ ఏదో చెబుతోందన్నమాట. చాలాసార్లు అదే పురస్కారం రెండోసారి వచ్చిందని చెబుతుంది.

నా దృష్టిలో మన కాలపు పతకాల్లో అతి విచిత్రమైనది 1947 నాటి భారత స్వాతంత్ర్య పతకం. రిబ్బను కాషాయం, తెలుపు, ఆకుపచ్చ నిలువు చారలు. ముందు వైపు అశోక ధర్మచక్రం, దాని నెత్తిన బ్రిటిష్ కిరీటం, చుట్టూ ఆరో జార్జి బిరుదులు. వెనుక సారనాథ్ సింహాలు, ఆగస్టు 15 తేదీ. 1950లో గణతంత్రం వచ్చేదాకా మనం ఇంకా ఆ రాజు అధినివేశంగానే (డొమినియన్‌గానే) ఉన్నామన్న సంగతిని బడిలో ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కదు. ధర్మచక్రం మీద కూర్చున్న ఆ కిరీటాన్ని ఒక్కసారి వేలితో తడిమితే ఎక్కుతుంది.

పోలీసు పతకాల వైపు వస్తే ఇప్పుడు ఒక కీలక ఘట్టంలో ఉన్నాం, దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. పోలీసు, అగ్నిమాపక, హోంగార్డు, పౌర రక్షణ, జైళ్ళ సిబ్బందికి వేర్వేరుగా ఇచ్చే 16 పతకాలను కేంద్రం కలిపేసి నాలుగుకు కుదించింది. 2024 గణతంత్ర దినోత్సవం నుంచి ఇస్తున్నవి కొత్త పేర్లతోనే. నిర్వహణకు ఇది మంచిదే కావచ్చు. గుర్తింపు పని మాత్రం దీంతో చిక్కుల్లో పడింది. పోలీసు అధికారుల పేరు పక్కన ‘పీఎంజీ’ అన్న మూడక్షరాలు ఇదివరకు పోలీస్ మెడల్ ఫర్ గ్యాలంట్రీని సూచించేవి, అంటే శౌర్య పతకాల్లో రెండో మెట్టు. మొదటి మెట్టును ‘పీపీఎంజీ’ అనేవారు. కొత్త పద్ధతిలో పీఎంజీ అంటే ప్రెసిడెంట్స్ మెడల్ ఫర్ గ్యాలంట్రీ, అదే మొదటి మెట్టు. రెండోది ‘జీఎం’ అయింది. తెలంగాణ హెడ్ కానిస్టేబుల్ చదువు యాదయ్య 2022 జూలైలో గొలుసు దొంగలు కత్తితో పొడుస్తున్నా పట్టు వదల్లేదు. 2024 స్వాతంత్ర్య దినోత్సవానికి దేశంలో ఆయన ఒక్కరికే ప్రకటించిన రాష్ట్రపతి శౌర్య పతకం ఈ కొత్త పీఎంజీ. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరైనా పాత జాబితా ముందు పెట్టుకుని దాన్ని రెండో మెట్టుగా లెక్కగట్టే ప్రమాదం ఉంది. పేరు పక్కన అక్షరాలే కాదు, సంవత్సరం కూడా తప్పనిసరిగా రాయాలి. గ్రేహౌండ్స్ అధికారి కె.ప్రసాద్ బాబుకు 2014లో మరణానంతరం అశోక చక్ర ఇచ్చారు. ఇది సైన్యానికే వచ్చే పతకమని అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఎక్కువ. ఆయన పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

సేకర్తలతో నా తగువు ఇక్కడ మొదలవుతుంది. ఒకే సైనికుడి మూడు నాలుగు పతకాలు ఒక కడ్డీకి కుట్టి ఉన్న వరుస బజారులోకి వచ్చిందనుకోండి. ధర వచ్చేది ఏదో ఒకదానికే. దాన్ని ఊడదీసి ఒకరికి, మిగిలినవి మరొకరికి అమ్మేస్తారు. ఆ క్షణంలో ఒక మనిషి సర్వీసు ముక్కలైపోతుంది. ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్ కలిసి ఉంటే ఒక యువకుడు ఎడారి దాటి మధ్యధరా ఆవలి ఒడ్డుకు చేరిన దారి కళ్ళకు కడుతుంది. విడివిడిగా అవి రెండు కంచు చుక్కలు. రెండోది, పాత రిబ్బను చిరిగిందని పారేసి కొత్తది తొడగడం. ఆ మాసిన గుడ్డే అతను ధరించినది. మూడోది మెరుపు. కంచును, వెండిని పాలిష్ పెట్టి తళతళలాడిస్తే ముందుగా అరిగిపోయేది అంచు మీది అక్షరాలే. అన్నిటికంటే నీచమైన పని, ఉన్న పేరును ఆకురాయితో అరగదీసి మరో పేరు చెక్కడం. అనుమానం వస్తే పతకాన్ని పక్క వెలుతురులో తిప్పుతూ అంచు మందం అంతటా సమానంగా ఉందో లేదో చూడాలి. అక్షరాలున్న చోట పలచబడితే పేరు మార్చారన్నమాట. కంటోన్మెంట్ దుకాణాల్లో దొరికే నకళ్ళలో మోసమేమీ లేదు. పోగొట్టుకున్నవాళ్ళు, రోజువారీ ధారణకు కావలసినవాళ్ళు కొంటారు. వాటిని అసలైనవిగా అమ్మడమే మోసం.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 1950 సైనిక చట్టం కింద, సర్వీసులో ఉన్న సైనికుడు తనకిచ్చిన పతకాన్ని అమ్మినా, తాకట్టు పెట్టినా, పాడు చేసినా నేరమే. 1972 పురావస్తు చట్టం వందేళ్ళు దాటిన చారిత్రక వస్తువులను పురావస్తువులుగా చూస్తుంది, వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మొదటి ప్రపంచ యుద్ధ పతకాలు ఇప్పుడు ఆ గీత దాటాయి. విదేశీ కొనుగోలుదారు మంచి ధర ఇస్తానన్నాడని పార్సిల్ కట్టేముందు ఆ చట్టం ఒకసారి చదువుకోవాలి.

పంజాబ్‌ను చూస్తే అసూయ కలుగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన 3 లక్షల 20 వేల మంది పంజాబీ సైనికుల ఊరివారీ రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో దశాబ్దాల పాటు దుమ్ములో పడి ఉన్నాయి. 2021లో వాటిని డిజిటల్ రూపంలో వెతుక్కునే పని మొదలైంది. ఎక్కడో బ్రిటన్‌లో ఉన్న మునిమనవడు తన తాత ఊరి పేరు కొట్టి చూసుకోగలిగాడు. మనకు తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. ఇంటికొకరు చొప్పున సైన్యానికి పంపి, మిలిటరీ మాధవరమని పేరు తెచ్చుకున్న ఊరు. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలో నిలబడ్డ మూడు కాంస్య విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ సంస్థానపు లాన్సర్లది, అంటే బల్లెం పట్టే గుర్రపు దళానిది. ఆ లాన్సర్ల పతకాలు ఇప్పుడు ఏ ఇళ్ళలో ఉన్నాయో ఎవరూ రాసిపెట్టలేదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు పింఛను పనుల కోసం మాజీ సైనికుల కుటుంబాలను ఎలాగూ కలుస్తుంటాయి. ఆ పనికి ఒక ఫారం చేరిస్తే చాలు: ఇంట్లో పాత పతకం ఉందా, అంచు మీద ఏముంది, ఫోటో. రెండు రాష్ట్రాల పురావస్తు శాఖలు దాన్ని ఒకచోట చేర్చవచ్చు. పతకం ఇంట్లోనే ఉంటుంది, ప్రభుత్వం తీసుకుపోవాల్సిన పని లేదు.

ఈలోగా మీ ఇంట్లో ఒకటి ఉంటే తుడవకండి. కిటికీ దగ్గర పెట్టి, వెలుతురు పక్క నుంచి పడేలా అంచును కొంచెం కొంచెంగా తిప్పుతూ నాలుగైదు ఫోటోలు తీయండి. నంబరు, హోదా, పేరు, పటాలం ఎలా ఉంటే అలాగే, తప్పు స్పెల్లింగుతో సహా రాసుకోండి. ఆయన ఇంటిపేరు, ఊరు, ఎప్పుడు చేరారు, ఏ దేశం వెళ్ళారని ఇంట్లో పెద్దలు చెప్పుకునేవారో ఆ కాగితం మీదే రాయండి. ఆ కాగితం పతకంతో పాటు ఒకే కవరులో ఉండాలి. వేరే చోట దాచకండి.