ఇంటర్న్‌షిప్‌లో మీ పనిని చదివేవారెవరు?

ఇంటర్న్‌షిప్ దొరికిందని సంతోషంగా చెప్పే విద్యార్థులను నేను అడిగే ప్రశ్న ఒకటే. అక్కడ మీరు చేసిన పనిని ఓపికగా చదివి, తప్పులు చూపించేవారు ఎవరైనా ఉన్నారా? సంస్థ పేరు, ఎన్ని వారాలు, సర్టిఫికెట్ ఎప్పుడిస్తారు అన్నవి అందరికీ తెలుసు. ఎవరి దగ్గర పనిచేయబోతున్నారో చాలామందికి తెలియదు.

నా మొదటి ఇంటర్న్‌షిప్ అలాంటిదే. పేరున్న సంస్థలో రెండు నెలలపాటు ఒక ఎక్సెల్ షీట్‌లోని వివరాలను మరో షీట్‌లోకి ఎక్కించాను. దాన్ని ఆ తర్వాత ఎవరైనా తెరిచారన్న నమ్మకం నాకు లేదు. మరుసటి ఏడాది ఐదుగురే పనిచేసే చిన్నచోట చేరితే, నేను రాసిన తొలి నివేదిక సగానికి పైగా కొట్టివేతలతో తిరిగొచ్చింది. ఆ రోజు బాగా చిన్నబుచ్చుకున్నాను గానీ, ఒక అంకె రాసేముందు అది ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకునే అలవాటు ఆ కొట్టివేతల వల్లే అబ్బింది. రెజ్యూమేలో ఇప్పటికీ ఘనంగా కనిపించేది మొదటిదే, అది వేరే సంగతి.

చదువును పనితో ముడిపెట్టడం కొత్త ఆలోచన కాదు. 1906లోనే అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ ఇంజనీరింగ్ విద్యార్థులను వంతులవారీగా కొంతకాలం తరగతికి, కొంతకాలం పనిలోకి పంపే పద్ధతిని మొదలుపెట్టారు. పనిలో తలెత్తిన సందేహం మళ్లీ తరగతికి వచ్చే వీలుండటమే ఆ ఏర్పాటుకున్న బలం. ఇప్పుడు చాలా కళాశాలలు తిరిగివచ్చిన విద్యార్థిని అడిగేది సంతకం, ముద్ర ఉన్న కాగితాన్ని మాత్రమే.

ఇక వెతకడం సంగతి. ఒకే రెజ్యూమేను వందలమందికి పంపి, జవాబు రాలేదని కుంగిపోవడం కంటే, పది చోట్లను ఎంచుకుని వారు చేస్తున్న పనిని నిజంగా చదివి, అందులో మీరు గమనించిన ఒక విషయాన్నీ, మీరు స్వయంగా చేసిన ఒక పనినీ చూపిస్తూ చిన్న ఉత్తరం రాయడం మేలు. ఉద్యోగాల సమాచారం దగ్గరి స్నేహితుల కంటే ముఖపరిచయస్తుల ద్వారానే ఎక్కువగా అందుతుందని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో రాసిన వ్యాసంలో వాదించారు. మన ఆప్తులకు తెలిసింది చాలావరకు మనకూ తెలిసిందే కదా. అందుకే రెండేళ్ల క్రితం చదువు ముగించి వెళ్లిన సీనియర్‌కు రాయడానికి మొహమాటపడకండి. ఉద్యోగం ఇప్పించమని అడగవద్దు, అక్కడ పని ఎలా ఉంటుందో పావుగంట చెప్పమని అడగండి. ప్రోగ్రామింగ్ వచ్చినవారికి 2005 నుంచి నడుస్తున్న గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ ఉంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో, అంటే కోడ్‌ను ఎవరైనా చూసి మార్చగలిగే సాఫ్ట్‌వేర్‌లో, కొత్తవారి చేత పనిచేయించే కార్యక్రమమిది. అందులో ఎంపికైన ప్రతివారికీ దారి చూపే మెంటర్ ఉంటారు, స్టైపెండ్ కూడా ఇస్తారు. దరఖాస్తుకు ముందే మీరు ఎంచుకున్న ప్రాజెక్టు వారితో మాట్లాడి, ఒకటి రెండు చిన్న లోపాలు సరిదిద్దినవారిని వారు సులువుగా గుర్తుపడతారు.

రిజిస్ట్రేషన్ అనో, శిక్షణ అనో మీ దగ్గరే డబ్బు అడిగేవారు మీకు సర్టిఫికెట్ అమ్ముతున్నారు, అంతే. స్టైపెండ్ లేనివాటిని మరికాస్త జాగ్రత్తగా తూచాలి. లాభాపేక్ష గల సంస్థల్లో జీతంలేని ఇంటర్న్‌షిప్‌ల విషయంలో ప్రధానంగా లబ్ధి పొందుతున్నది సంస్థా, విద్యార్థా అన్న కొలమానాన్ని అమెరికా కార్మిక శాఖ 2018లో స్వీకరించింది. జీతమిచ్చి చేయించుకోవాల్సిన పనిని ఇంటర్న్ చేత ఊరికే చేయిస్తున్నారా అన్నది అందులో చూసే అంశాల్లో ఒకటి. ఏ దేశపు విద్యార్థి అయినా తనకు తాను వేసుకోదగిన ప్రశ్నే ఇది. అయితే జీతం లేకుండా నెలల తరబడి పనిచేయగలిగేది ఇంట్లో ఆసరా ఉన్నవారే కనుక, ఎంత మంచి మెంటర్ ఉన్నా ఆ అన్యాయం అలాగే ఉంటుంది.

చేరాక, అప్పగించిన పని ఎలా ఉంటే పూర్తయినట్టో మొదటి వారంలోనే అడిగి తెలుసుకోండి. ఏ రోజు ఏం చేశారో రెండు వాక్యాలు రాసిపెట్టుకోండి. ఎక్కడైనా చిక్కుకుంటే పూటకు మించి ఒంటరిగా కుస్తీ పట్టకుండా, ఇంతవరకు ఏమేం ప్రయత్నించారో చెప్పి సాయం అడగండి. వెళ్లిపోయేముందు మీరు చేసిన పనిలో దేన్ని బయటివారికి చూపవచ్చో రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. రెండోచోట నేను అది అడగడం మరిచాను. అందుకే నాలుగుసార్లు తిరగరాసి ఒప్పించుకున్న ఆ నివేదికను ఈ రోజుకీ ఏ ఇంటర్వ్యూలోనూ చూపించలేను.