ఎంఎస్‌లో మింగుడు సమస్య: ‘లేదు’ అన్న జవాబును ఎంతవరకు నమ్మాలి?

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అంటే రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాములోని నరాల పొరను దెబ్బతీసే జబ్బు. అది ఉన్నవాళ్లు చెకప్‌కి వెళ్తే డాక్టర్లు నడిపించి చూస్తారు. కళ్లు పరీక్షిస్తారు, చేతుల పట్టు చూస్తారు, మూత్రం సంగతి అడుగుతారు. మింగడం దగ్గరికి వచ్చేసరికి తరచుగా ఒక్క ప్రశ్నతో సరిపెడతారు: “తినడానికి ఇబ్బంది ఏమైనా ఉందా?” పేషెంట్ లేదని చెబితే ‘లేదు’ అని రాసుకుంటారు. ఆ జవాబు తీసుకున్నంత మాత్రాన స్క్రీనింగ్ జరిగినట్టు కాదన్నది నా వాదన.

2015లో వచ్చిన ఒక మెటా అనాలిసిస్ ఈ విషయంపై జరిగిన అధ్యయనాలను కలిపి లెక్క చూసింది. పేషెంట్ల మాట మీద, ప్రశ్నావళుల మీద ఆధారపడిన వాటిలో మింగుడు సమస్య ఉన్నవాళ్లు 36 శాతం. పరికరాలతో చూసిన వాటిలో 81 శాతం. రెండో అంకెను ఉన్నదున్నట్టు తీసుకోనక్కర్లేదు. వీడియో ఎక్స్‌రేలో కనిపించే ప్రతి చిన్న తేడా ప్రమాదం కాదు. గొంతులో కాస్త ఆహారం మిగిలిపోవడం ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ చూస్తాం. పైగా ఇలాంటి పరీక్షలకు ఎక్కువగా పంపేది అనుమానం ఉన్నవాళ్లనే. ఇవన్నీ తీసేసి చూసినా, అంత పెద్ద తేడా కేవలం లెక్కల తంటా అని నేను అనుకోను.

అబద్ధం చెప్పాలని ఎవరూ ‘లేదు’ అనరు. పక్షవాతంలో మింగే శక్తి పోతే ఒక్కరోజులోనే పోతుంది కాబట్టి ఇంట్లో అందరికీ తెలుస్తుంది. ఎంఎస్‌లో మాత్రం చాలామందికి ఇది ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది. మనిషి దానికి తగ్గట్టు సర్దుకుపోతాడు. ముక్కలు చిన్నవి చేసుకుంటాడు, గట్టివి మానేస్తాడు, ముద్ద ముద్దకీ నీళ్లు తాగుతాడు, నలుగురిలో తినడం తగ్గించుకుంటాడు. భోజనానికి పట్టే సమయం రెట్టింపైనా, తినేది తనే కాబట్టి అది ఇబ్బందిగా తోచదు. అందుకే ‘ఇబ్బంది ఉందా’ అని కాకుండా ‘ఏమేం తినడం మానేశారు, భోజనానికి ఎంతసేపు పడుతోంది, నీళ్లు తాగితే పొలమారుతోందా, ఈ మధ్య బరువు తగ్గారా’ అని అడగాలి. ఇవే ప్రశ్నలు ఇంట్లో పక్కన కూర్చుని తినేవాళ్లనీ అడగాలి. దగ్గు ముందుగా వినిపించేది వాళ్లకే.

వైద్యులు వాడే కొలమానం కూడా చూపును నడక వైపే తిప్పుతుంది. నరాల వైద్యుడు కర్ట్‌జ్కే 1983లో రూపొందించిన, ఎంఎస్‌లో వైకల్యాన్ని కొలిచే ఈడీఎస్ఎస్ స్కేలు 0 నుంచి 10 వరకు ఉంటుంది. మధ్య మెట్లను ప్రధానంగా ఎంత దూరం నడవగలరు, ఏ ఆసరా కావాలి అన్నదే నిర్ణయిస్తుంది. మెదడు కాండానికి (మెదడును వెన్నుపాముతో కలిపే భాగం) వేరే ఉప స్కోరు ఉంది, అందులో మింగడమూ ఉంది. కానీ ప్రధాన మెట్ల వర్ణనలో మింగలేకపోవడం ప్రస్తావనకు వచ్చేది 9.5 దగ్గర, అంటే మనిషి పూర్తిగా మంచానపడ్డాకే. ఈ స్కేలుతో రోజూ పనిచేసేవాళ్లకు అది చివరి దశ సమస్య అన్న భావన కలగడంలో వింత లేదు.

శరీరం పనితీరు చూస్తే ఆ భావన నిలబడదు. ఒక్క గుటక వేయడానికి 30కి పైగా కండరాలు సెకన్ల వ్యవధిలో వరుస తప్పకుండా పనిచేయాలి. ఐదు జతల కపాల నాడులు వాటిని నడిపిస్తాయి. ఆ వరుసను నియంత్రించే కేంద్రం మెదడు కాండంలో ఉంది, ఎంఎస్ మచ్చలు తరచూ పడే చోట్లలో అదొకటి. అక్కడ మచ్చ పడితే బాగా నడిచే మనిషికి కూడా నీళ్లు దారి తప్పి శ్వాసనాళంలోకి వెళ్లొచ్చు. వైకల్యం పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుందన్నది నిజమే, తక్కువ వైకల్యంలో ముప్పు లేదనడం మాత్రం పొరపాటు.

పనికొచ్చే సాధనాలు లేవా అంటే, ఉన్నాయి. ఇటలీ పరిశోధకులు 2008లో ప్రత్యేకంగా ఎంఎస్ కోసమే ‘డైమస్’ అనే ప్రశ్నావళి తయారుచేశారు. పది ప్రశ్నలు, అవును లేదా కాదు. ఏడు ఘనాహారం గురించి, మూడు ద్రవాల గురించి. ‘ఈట్-10’ అని ఇంకోటి ఉంది. దాంట్లోనూ పది ప్రశ్నలే, మొత్తం 40 మార్కుల్లో 3 లేదా అంతకు మించి వస్తే ఆగి చూడాలి. రెండింట్లో ఏదైనా వెయిటింగ్ హాల్లో కూర్చుని నింపేయొచ్చు. టైమ్ లేదన్న సాకు ఇక్కడ చెల్లదు.

కాగితం మీది ప్రశ్నలకు అందనిది ఒకటుంది. గొంతులో స్పర్శ మందగించినవాళ్లలో ఆహారం శ్వాసనాళంలోకి జారినా దగ్గు రాదు. దీన్నే సైలెంట్ ఆస్పిరేషన్ అంటారు. మనిషికే తెలియనిది ప్రశ్నలో ఎలా బయటపడుతుంది? శిక్షణ ఉన్న సిబ్బంది సమక్షంలో 90 మిల్లీలీటర్ల నీళ్లు ఆపకుండా తాగించి, దగ్గు వస్తుందా, మాట్లాడితే స్వరం తడితడిగా వినిపిస్తుందా అని చూసే పరీక్ష కొంతమేర సాయపడుతుంది. దానికీ పరిమితి ఉంది. ఉదయం హాయిగా పాసైనవాళ్లు సాయంత్రం అలసటలో, భోజనం చివరి ముద్దల దగ్గర తడబడొచ్చు. మళ్లీ మళ్లీ ఛాతీ ఇన్‌ఫెక్షన్లు వస్తుంటే స్కోరు ఎంత బాగున్నా ఎండోస్కోపీతోనో వీడియో ఎక్స్‌రేతోనో చూడాల్సిందే.

మందుల చీటీ కూడా ఈ స్క్రీనింగ్‌లో భాగమే అంటాను. మూత్రం ఆపుకోలేకపోవడానికి ఇచ్చే కొన్ని మందులు నోరు ఎండగొడతాయి. కండరాల బిగుతు తగ్గించే బాక్లోఫెన్ లాంటివి కొందరిని మగతగా ఉంచుతాయి. రెండూ మింగడాన్ని కష్టం చేస్తాయి. మూత్రం భయంతో నీళ్లు తగ్గించేవాళ్లు, పొలమారుతుందని తగ్గించేవాళ్లు బయటికి ఒకేలా కనిపిస్తారు. కారణం కనుక్కోకుండా ‘నీళ్లు బాగా తాగండి’ అంటే రెండోవాళ్లకు అపాయమే.

బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే సంస్థ నైస్ మార్గదర్శకాలు ఎంఎస్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఏడాదికి కనీసం ఒకసారి సమగ్ర సమీక్ష చేయాలని, అందులో మాటనూ మింగడాన్నీ చూడాలని చెబుతున్నాయి. కనీస హద్దుగా అది సరైనదే. మెదడు కాండాన్ని తాకిన రిలాప్స్ (జబ్బు మళ్లీ ఒక్కసారిగా తిరగబెట్టడం) తర్వాత మాత్రం ఏడాది ఆగకూడదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. కనిపెట్టాక చేయడానికేమీ లేనప్పుడు వెతకొద్దని, ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ 1968లో రాసిన స్క్రీనింగ్ సూత్రాల్లో ఒకదాని సారాంశం. ఎంఎస్‌లో మింగుడు చికిత్సలపై ఉన్న ఆధారాలు చిన్న చిన్న అధ్యయనాలవే. గడ్డం కిందికి వంచి మింగడం, ఊపిరి వదిలే కండరాలకు వ్యాయామం, ఆహారం చిక్కదనం మార్చడం కొందరికి పనికొస్తాయి. అందరికీ పనికొస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. అసలు భయం వేరే ఉంది. స్క్రీనింగ్‌లో తేడా కనిపించగానే మింగుడు సమస్యలనూ చూసే స్పీచ్ థెరపిస్ట్ దాకా పంపకుండా ‘ఇకపై అన్నీ చిక్కగా చేసి తాగించండి’ అని చెప్పి పంపేస్తే, ఆ రుచి గిట్టక మనిషి తాగడమే మానేస్తాడు. థెరపిస్ట్‌కు పంపే దారి లేని చోట స్క్రీనింగ్ టెన్షన్ పెంచడం తప్ప పెద్దగా సాధించేది ఉండదు. ముందు ఆ దారి వేయాలి.

ఇక అంతగా చర్చకు రాని ప్రయోజనం ఇంకోటి ఉంది. జబ్బు బాగా ముదిరిన కొందరికి ఒక దశలో కడుపులోకి ట్యూబ్ పెట్టాలా వద్దా అన్న ప్రశ్న వస్తుంది. న్యుమోనియాతో ఆస్పత్రిలో చేరిన రాత్రి ఆ ప్రశ్న వేస్తే జవాబు చెప్పేది కుటుంబం. మాట స్పష్టంగా, ఆలోచన చురుగ్గా ఉన్న రోజుల్లోనే సమస్య ఆనవాలు పట్టుకుంటే జవాబు ఆ మనిషే చెప్పుకోవచ్చు, కావాలంటే తర్వాత మార్చుకోవచ్చు కూడా.