ఓపెన్ జిమ్ అర్జీ మీద సంతకం పెట్టని మా నాన్న

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, తిరుపతిలో మెడికల్ షాపు నడుపుతాడు. మా నాన్న వేరే ఊళ్ళో మున్సిపాలిటీ అకౌంట్స్ సెక్షన్‌లో చేసి రిటైరై ఈడికే వచ్చి సెటిలైనాడు. పోయిన ఆదివారం మామ ఒక అర్జీ రాసుకొచ్చినాడు, కాలనీ పార్కులో ఓపెన్ జిమ్ కావాల, జనాలు లావెక్కిపోతా ఉండారు, బీపీ షుగర్లు జాస్తి అయిపోయినాయి, కార్పొరేషన్ ఏదో ఒకటి చెయ్యాల అని. 17 సంతకాలు అయినాయంట, 18వది నాన్నది. నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, పేపర్ మడిచి పక్కన పెట్టేసినాడు. ఆడ మొదలైంది. తిట్లు తీసేసి ఇద్దరి మాటలూ ఈడ పెడతా ఉండా.

మామ: ఏం బావా, సంతకానికి కూడా బడ్జెట్ కావాల్నా?

నాన్న: సంతకానికి అక్కర్లేదు, ఆ ఇనప సామాన్లకి కావాల. నేను పనిచేసిన ఊళ్ళో ఇట్లాంటివే పెట్టినారు. మొదటి నెల ఫోటోలు, రెండో నెల పిల్లోళ్ళు ఎక్కి ఊగేది, ఆర్నెల్లకి బేరింగులు పోయినాయి, ఆ తర్వాత పక్కింటోళ్ళు గుడ్డలు ఆరేసుకున్యారు. కొనేదానికి డబ్బు యాడనుంచైనా వస్తాది రా, రిపేరికి మాత్రం పద్దు ఉండదు.

మామ: అది మెయింటెనెన్స్ తప్పు, జిమ్ తప్పు కాదు. ఒకరోజు నా అంగట్లో కూర్చో, తెలుస్తాది. 30 ఏండ్ల పిల్లోడు బీపీ మాత్రకి వస్తా ఉండాడు. 2023లో ఐసీఎంఆర్, అదే సెంట్రల్ మెడికల్ రీసెర్చ్ సంస్థ, దాని సర్వే వచ్చింది కదా, దేశంలో 10 కోట్ల మందికి షుగర్, ఇంకో 13 కోట్ల పైన షుగర్ వచ్చే బార్డర్‌లో. మన రాష్ట్రం ఇంకా అన్యాయం, 2019-21 ఫ్యామిలీ హెల్త్ సర్వేలో ఆడోళ్ళు నూటికి 36 మంది ఉండాల్సిన దానికంటే బరువున్నారు, దేశం మొత్తం చూస్తే 24.

నాన్న: రోగం లేదని నేనన్నానా? ఎవురి దుడ్డు, ఎవురికి లాభం, అది చెప్పు. కార్పొరేషన్ ఇంటిపన్ను దుడ్డు పెట్టి పది మందికి షుగర్ రాకుండా ఆపింది అనుకో. డయాలసిస్ బిల్లు మిగిలేది స్టేట్ గవర్నమెంటుకి. మాత్రల ఖర్చు మిగిలేది నీ కస్టమర్‌కి. కార్పొరేషన్ లెడ్జర్‌లోకి ఒక్క రూపాయి వెనక్కి రాదు, అదీ 15 ఏండ్ల తర్వాత మాట. ఎలక్షన్ ఐదేండ్లకి. ఏ కమిషనర్ సంతకం పెడతాడు?

(ఈ పాయింట్ దగ్గర మామ కాసేపు ఆగినాడు. నేను కూడా ఇట్ల ఎప్పుడూ ఆలోచించలా, ఖర్చు పెట్టేది ఒకరు, మిగులు ఇంకొకరికి అంటే ఎంత మంచి పని అయినా ఎవురూ తొందరపడరు కదా.)

మామ: జపాన్ వాళ్ళు ఎట్ల చేసినారు మరి? 2008 నుంచి 40 దాటి 74 లోపు వాళ్ళకి ఏటా నడుముకి టేపు పెట్టి కొలుస్తారు. మగోళ్ళు 85 సెంటీమీటర్లు, ఆడోళ్ళు 90 దాటితే పిలిపించి సలహాలిస్తారు. టేపు ఎంత బావా, 20 రూపాయలా?

నాన్న: ఆడ ఇన్సూరెన్స్ నడిపేదాంట్లో మున్సిపాలిటీలు కూడా ఉంటాయి. జనం జబ్బు పడితే దుడ్డు వాళ్ళ జేబులోనుంచే పోతాది, అందుకే టేపు పట్టుకున్యారు. నేను చెప్పేదీ అదే.

ఇక్కడ నేను నోరు మూసుకోలేక ఫోన్‌లో వెతికి చెప్పినా, 2020లో ఆ జపాన్ ప్రోగ్రామ్ మీదనే పెద్ద స్టడీ వచ్చింది, మగోళ్ళ మీద చూస్తే సలహాలు చెప్పినాక బరువు తగ్గింది అరకిలో కూడా లేదు, బీపీ కొలెస్ట్రాల్‌లో తేడా కనిపించలేదు అని. మామ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

మామ: సరే జపాన్ వద్దు. మన పక్కనే ఉండే చెన్నై చూడు. షుగర్ బార్డర్‌లో ఉన్నోళ్ళని 531 మందిని మూడేండ్లు చూసినారు, 2006లో రిజల్ట్ వచ్చింది. ఏమీ చెయ్యకుండా వదిలేసినోళ్ళలో నూటికి 55 మందికి షుగర్ వచ్చింది, తిండీ నడకా సరిచేసుకోమని వెంటపడి చెప్పినోళ్ళలో 39. మాత్ర వాడినా ఇంచుమించు అంతే. అంటే నా అంగట్లో మాత్రకీ నడకకీ ఒకే ఫలితం, నేనే చెప్తా ఉండా! ఆ తర్వాత 2013లో ఉత్త ఫోన్ మెసేజీలతోనే చేసినారు, రెండేండ్లలో మెసేజీ పోయినోళ్ళలో 18 శాతానికి షుగర్, పోనోళ్ళలో 27. మెసేజీకి ఎంతవుతాది చెప్పు, పైసలు.

నాన్న: మెసేజీ పైసలే. కానీ ఆ మనుషులు ఎవురు? రక్తం తీసి గ్లూకోజ్ తాపించి మళ్ళీ రక్తం తీసి, బార్డర్‌లో ఉండారని తేల్చినాక చేర్చుకున్నోళ్ళు. వెతికేదాంట్లోనే ఖర్చంతా ఉండాది. ఊరందరికీ గుడ్ మార్నింగ్ మెసేజీ పంపినట్ల పంపితే ఎవురికి తగ్గుతాది?

మామ: వెతికేది కొత్తగా చెయ్యక్కర్లా. 30 దాటినోళ్ళకి బీపీ షుగర్ చూసేది ఎట్లాగూ గవర్నమెంట్ ప్రోగ్రామే, వార్డు సచివాలయంలో ఏఎన్ఎం ఉంది, అర్బన్ హెల్త్ సెంటర్ ఉంది. దుడ్డు అయిపోయింది ఆల్రెడీ. ఆ లిస్టులో బార్డర్ వాళ్ళని విడిగా తీసి నెలకోసారి ఫోన్ చేసేది ఒక్కటే మిగిలింది.

నాన్న: ...ఆ. అది రాయి. అర్జీలో అది రాయకుండా జిమ్ ఎందుకు రాసినావ్?

(నాన్న ఒప్పుకున్న మొదటి మాట ఇది. మామ గెలిచేసినా అనుకుని స్పీడ్ పెంచినాడు, అదే తప్పయింది.)

మామ: కూల్ డ్రింకుల మీద కూడా కార్పొరేషన్ పన్ను వేసేయాల. మెక్సికోలో 2014లో లీటరుకి ఒక పెసో వేస్తే మొదటి ఏడాదే కొనుగోళ్ళు 6 శాతం పడినాయి.

నాన్న: మెక్సికో దేశం రా, తిరుపతి కార్పొరేషన్ కాదు. మనకి ఆ పవర్ యాడ ఉంది? కేరళ ఒక రాష్ట్రం, 2016లో బర్గర్లు పిజ్జాల మీద 14.5 శాతం ఫ్యాట్ ట్యాక్స్ వేసింది, మరుసటేడు జీఎస్టీ వచ్చి మింగేసింది. గ్యాస్ డ్రింకుల మీద ఇప్పటికే 40 శాతం ఉండాది, అయినా పెండ్లిలో నీ కొడుకు ఎన్ని తాగినాడో నేను చూసినా.

మామ: వాడి సంగతి వదిలెయ్. బడి చుట్టూ 50 మీటర్లలో చిప్స్, కూల్ డ్రింకులు అమ్మకూడదని 2020 నుంచి రూలే ఉంది, అది అమలు చేస్తే చాలు.

నాన్న: 51వ మీటర్ కాడ పెడతాడు బండి. పిల్లోడికి ఒక్క మీటర్ నడక ఎక్స్‌ట్రా, నీకు కావాల్సిందీ అదే కదా.

(నవ్వు ఆపుకోలేకపోయినాం. నాన్న తీసిపారేసినాడు కానీ బడి గేటు ముందే ఉండేదానికీ సందు చివర ఉండేదానికీ తేడా ఉంటాది, నా చిన్నప్పుడు గేటు ముందు ఐస్ బండి లేకుంటే నేను అన్ని తినేవాణ్ణి కాదు.)

మామ: బోండా బండ్లన్నా చూడాల బావా. అదే నూనె నల్లగా అయ్యేదాకా. లిమిట్ ఉంది, నూనె మళ్ళీ మళ్ళీ కాగితే పుట్టే చెడు పదార్థాలు, పోలార్ కాంపౌండ్లు అంటారు, 25 శాతం దాటితే వాడకూడదు, చేత్తో పట్టుకునే మీటర్ ఉంటాది.

నాన్న: ఈ ఊరు బతికేదే యాత్రికుల మీద, బండోళ్ళ జోలికి పోతే వాళ్ళకి 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది, ఊరికే ఎత్తేసేదానికి లేదు. కాగిన నూనె బయోడీజిల్‌కి కొంటారు, నిజమే, కానీ అది హోటళ్ళకి. బండోడి బాణలిలో సాయంత్రానికి మిగిలేది ఏముంటాది, తగ్గే కొద్దీ పైన పోస్తానే ఉంటాడు. వాడికి ఫైన్ వేసేదానికంటే ఆ పక్కన రాగి అంబలి బండికి మంచి జాగా ఇయ్యండి, లీలామహల్ సర్కిల్ లాంటి రద్దీ సెంటర్లో. జాగా ఇచ్చేది వీధి బండ్ల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీ చేతిలో పని, పైసా ఖర్చు లేదు.

మామ: హోర్డింగులు? లండన్‌లో 2019లో బస్సుల్లో మెట్రోలో జంక్ ఫుడ్ యాడ్స్ ఆపేసినారు.

నాన్న: వాళ్ళ సొంత జాగా కాబట్టి ఆపినారు. అది మాత్రం బాగుంది. మన బస్ షెల్టర్ టెండర్లో కూడా ఒక లైను రాస్తే అయిపోతాది. రాసుకో.

అప్పుడు లోపల్నుంచి అమ్మ. ఆమెకి తొమ్మిదేండ్లుగా షుగర్, ఇంతసేపూ వింటానే ఉంది. "నేను పొద్దున నడక మానేసింది జిమ్ లేక కాదు. ఆ మలుపు కాడ లైటు లేదు, నాలుగు కుక్కలు, ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్. రోడ్డు మీదకి దిగితే ఆటోలు. మీ ఇద్దరిలో ఎవురైనా ఐదింటికి నాతో వస్తారా?"

ఎవురూ మాట్లాడలా.

నాన్న: విన్నావా? అలిపిరి మెట్లు 3,550, శ్రీవారి మెట్టు 2,388, దేశంలో ఎవురెవురో వచ్చి ఎక్కి పోతా ఉంటారు, ఈ ఊళ్ళో ఉండే మనం పాల ప్యాకెట్టుకి బండి తీస్తాం. యూనివర్సిటీ గ్రౌండ్‌కి బండేసుకుని పోయి నాలుగు రౌండ్లు కొట్టి మళ్ళీ బండేసుకుని వస్తా దారిలో రెండు వడలు. నడక నేర్పక్కర్లా, ఇంటి గడప కాడి నుంచి నడిచే దారి ఇయ్యాల. రాజ్యాంగం 12వ షెడ్యూల్లో మున్సిపాలిటీకి 18 పనులు రాసినారు, రోడ్లు, పార్కులు, వీధి లైట్లు, పబ్లిక్ హెల్త్, అన్నీ ఉండాయి. వీటికి దుడ్డు ఎట్లాగూ ఖర్చు పెడతానే ఉండారు, కొత్తగా ఒబేసిటీ స్కీమ్ అని పేరు పెట్టక్కర్లా.

మామ: అంటే రోడ్డేస్తే షుగర్ తగ్గుతాదని అంటావా? కొలిచి చూపించు. నన్ను ఇంతసేపూ లెక్కలడిగినావ్ కదా, ఇప్పుడు నువ్వు చెప్పు, లైటు వేస్తే ఎంత మందికి తగ్గుతాది?

నాన్న: చెప్పలేను.

మామ: అదీ!

నాన్న: చెప్పలేను, కానీ షుగర్ తగ్గకపోయినా లైటు లైటుగా ఉంటాది. జిమ్ తుప్పు పడితే ఏముంటాది? కొలంబియా దేశం బొగొటాలో 1974 నుంచి ఆదివారం పొద్దున రోడ్లు మూసి సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ వదిలేస్తా ఉండారు, ఇప్పుడు 100 కిలోమీటర్ల పైనే. కొన్నది ఏముంది, బారికేడ్లు తప్ప?

మామ: ఈడ ఆదివారం రోడ్డు మూస్తే కొండకి పోయే బస్సులు యాడ పోతాయి? నీకే తెలీదు. ఒక్క రోడ్డు పేరు చెప్పు.

నాన్న చెప్పలా. (ఇది నాకూ తెలీదు. వారంలో ఏ రోజైనా ఈ ఊళ్ళో ఖాళీగా ఉండే మెయిన్ రోడ్డు నేను చూడలా.) దానికి బదులు అర్జీ తిప్పి వెనకవైపు రాయడం మొదలుపెట్టినాడు, మామ గుడ్లప్పగించి చూస్తానే ఉన్నాడు.

మామ: ఇది ఒబేసిటీ అర్జీనా, రోడ్ల అర్జీనా బావా? 17 మంది జిమ్‌కి సంతకం పెట్టినారు, ఇది చూపిస్తే మళ్ళీ ఎవురు పెడతారు?

నాన్న: అడిగి చూడు.

మామ: నువ్వు పెట్టు ముందు.

నాన్న: ముందు పక్క జిమ్ కొట్టేస్తే పెడతా.

మామ కొట్టేయలా. టీ తాగి, చక్కెర లేకుండానే, బండి తీసుకుని పోయినాడు. పేపర్ ఇంకా మా ఫ్రిజ్ పైన ఉంది. ఒకవైపు 17 సంతకాలు, ఇంకోవైపు నాన్న చేతిరాతలో ఐదు లైన్లు, బార్డర్ షుగర్ లిస్టుకి ఫోన్లు, మలుపు కాడ లైటు, కుక్కలు, అంబలి బండికి జాగా, బస్ షెల్టర్ యాడ్స్. ఈ పొద్దు చూస్తే మూడో లైన్ కింద ఎవురో రెండు గీతలు గీసినారు. పెన్ను అమ్మ ఫోన్ పక్కనే ఉంది.